కిడ్నీ రాయిని ల్యాబ్‌కి ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

నాన్నకి లేజర్‌తో కిడ్నీలో రాయి తీశారు. ఇది రెండోసారి. డాక్టరుగారు ముక్కలు సీసాలో వేసిచ్చి, ఎఫ్‌టీఐఆర్ పద్ధతిలోనే (పరారుణ కిరణాలతో రాయిలో ఏమేం ఉన్నాయో, ఏది ఎంత శాతమో తేల్చే పద్ధతి) పరీక్ష చేయించమని చీటీ మీద రాశారు. బెజవాడలో వీధికో బ్రాంచి ఉన్న ల్యాబే, మీకు తెలిసే ఉంటుంది. చీటీ చూసి "అదే చేస్తాం మేడమ్" అని డబ్బు కట్టించుకున్నారు.

రిపోర్టు వచ్చింది. కాల్షియం పాజిటివ్. ఆక్సలేట్ పాజిటివ్. ఫాస్ఫేట్ పాజిటివ్. యూరిక్ యాసిడ్ పాజిటివ్. అంతే! ఏది ఎంత శాతమో లేదు, గ్రాఫు లేదు. రాయిని పొడి చేసి, రసాయనాలు పోసి చూసే పాత పద్ధతి అది. కాల్షియం ఆక్సలేట్‌లోనే మోనోహైడ్రేట్, డైహైడ్రేట్ అని రెండు రకాలు. మొదటిదైతే మూత్రంలో ఆక్సలేట్ ఎక్కువేమో, రెండోదైతే కాల్షియం ఎక్కువేమో చూస్తారు. ఆ తేడా ఈ పద్ధతిలో తెలియనే తెలియదు.

"దీన్ని పట్టుకుని నేనేం మందు రాయనమ్మా?" అన్నారు డాక్టరుగారు. నిజమే కదా. యూరిక్ యాసిడ్ రాయైతే పొటాషియం సిట్రేట్‌తో మూత్రంలో ఆమ్లం తగ్గించి మళ్లీ రాకుండా ఆపొచ్చు. ఫాస్ఫేట్ రాయైతే, ఆమ్లం మరీ తగ్గిందంటే అదే ఇంకా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్‌తో వచ్చే స్ట్రూవైట్ అయితే చిన్న ముక్క కూడా లోపల మిగలకూడదు. సిస్టీన్ అయితే వంశంలో వచ్చేది, అన్నయ్యా నేనూ కూడా చూపించుకోవాలి. అన్నీ పాజిటివ్ అంటే మేం దేన్ని నమ్మాలి?

మిగిలిన ముక్కలైనా ఇవ్వండి, వేరేచోట చేయించుకుంటాం అని నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. పడేశారట. కౌంటర్లో అతను ఫోన్లోంచి తలెత్తకుండా "రాయి బయటికొచ్చేసింది కదా మేడమ్, ఇంకా దాంతో ఏం పని?" అన్నాడు. నాన్న ఎదురుగానే! నొప్పికి రాత్రంతా నేలమీద దొర్లిన మనిషి ఆయన. ఒక్క మాట అనకుండా బయటికి నడిచారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ ముక్క మళ్లీ కావాలంటే ఆయన కిడ్నీలో ఇంకో రాయి పుట్టాలి. చీటీ మీద రాసిన పరీక్ష చేయలేమని ముందే చెప్పి ఉంటే వేరేచోటికి వెళ్లేవాళ్లం కదా!

మీరైతే బిల్లు మీద ఎఫ్‌టీఐఆర్ అనో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో రాయి రకం తేల్చే పద్ధతి) అనో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. రాయిని ఫార్మలిన్‌లో (కండ ముక్కలు కుళ్లకుండా వేసి ఉంచే ద్రవం) వేయనివ్వకండి, కడిగి ఆరబెట్టి పొడి డబ్బాలో ఇవ్వండి. వీలైతే ఒక ముక్క ఇంట్లో ఉంచుకోండి.