'సుకి' అంటే ఇష్టమే: ఇవాంజెలియన్ బ్లూ-రేతో నాలుగేళ్లు

ఈ పెట్టె మా ఇంటికొచ్చి నాలుగేళ్లవుతోంది. 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' అనే జపనీస్ యానిమేషన్ సీరియల్ బ్లూ-రే, 2021లో అమెరికాలో వచ్చిన వాటిలో 11 డిస్కుల పెద్ద సెట్. మా బావ ఇక్కణ్నుంచి పచ్చళ్లు తీసుకెళ్లిన సూట్‌కేసులోనే డాలస్ నుంచి పెట్టుకొచ్చాడు. వచ్చిన రోజున చూడటం కుదరలేదు. బ్లూ-రే డిస్కులు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతపు ప్లేయర్లోనే ఆడేలా చేస్తారు. అమెరికా డిస్కులది 'ఏ' రీజియన్, మనది 'సి'. ఏ డిస్క్ అయినా ప్లే అవుతుందని నమ్మబలికి ఒకాయన అమ్మిన ప్లేయర్ దీన్ని చూసి మొరాయించింది. అన్ని రీజియన్లకీ పనిచేసేది దొరకడానికి రెండు నెలలు పట్టింది. కొనేవాళ్లు ముందు ఆ సంగతి చూసుకోండి.

బొమ్మకి వంక పెట్టలేం. 1995-96లో టీవీ టోక్యోలో వచ్చిన 26 ఎపిసోడ్లు, చేత్తో గీసి ఫిల్మ్ మీద తీసినవి. ఆ ఫిల్మ్ గ్రెయిన్‌ని, అంటే బొమ్మ మీద కనిపించే సన్నటి రవ్వని, తుడిచేయకుండా ఉంచారు. 24వ ఎపిసోడ్‌లో ఒకచోట దాదాపు నిమిషం పాటు బొమ్మ కదలదు, వెనక బీథోవెన్ తొమ్మిదో సింఫనీ నడుస్తుంటుంది. పాత కాపీలో చూసినప్పుడు డిస్క్ ఇరుక్కుందేమోనని రిమోట్ అందుకున్నాను. ఇందులో గ్రెయిన్ సన్నగా కదులుతూ ఉంటుంది, ఆ అనుమానం రాదు.

అసలు పేచీ డబ్బింగ్‌తోనే. ఇంగ్లిష్ డబ్బింగులు రెండున్నాయి: తొంభైల్లో హ్యూస్టన్‌లో ఏడీవీ అనే కంపెనీ వాళ్లు చేసింది, 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం మళ్లీ చేసింది. పాతది కావాలంటే ఈ పెద్ద సెట్టే గతి, చౌక సెట్‌లో లేదు. పాతదాంట్లో టిఫనీ గ్రాంట్ గొంతుతో అసుకా అనే పిల్ల మధ్యమధ్యలో జర్మన్‌లో తిడుతుంటే ఆ పిల్ల పొగరు గదంతా నిండుతుంది. కొత్తదాంట్లో కథానాయకుడు షింజీకి కేసీ మోంజిలో గొంతు బాగా కుదిరింది. జపనీస్‌లో మెగుమి ఒగాతా పలికిన పద్నాలుగేళ్ల పిరికితనానికి దగ్గరగా ఉంటుంది. కానీ ఈ కొత్త డబ్బింగ్‌లో మాటలే కొయ్యబారిపోయాయి. ఒక్క కుర్రాణ్ని పట్టుకుని 'థర్డ్ చిల్డ్రన్' అంటారు! జపనీస్‌లో అలాగే ఉంది కాబట్టి అలాగే ఉంచారట. పాతవాళ్లు చక్కగా 'థర్డ్ చైల్డ్' అని సరిపెట్టారు.

ఇందాకటి 24వ ఎపిసోడ్‌లోనే కవోరు అనే కుర్రాడు షింజీతో 'సుకి' అంటాడు. పాత డబ్బింగ్‌లో అది 'ఐ లవ్ యూ', కొత్తదాంట్లో 'ఐ లైక్ యూ'. దీనిమీద అభిమానులు కొట్టుకున్నంత పని చేశారు. తెలుగు చెవికి ఆ గొడవే లేదు. 'నువ్వంటే నాకిష్టం' అని ఎవరైనా అంటే అది స్నేహమో ప్రేమో గొంతుని బట్టి తేల్చుకుంటాం, తేలకపోతే రాత్రంతా మంచం మీద దొర్లుతాం. షింజీది సరిగ్గా ఆ అవస్థే. ఇంగ్లిష్‌లో ఏ మాట వాడినా వాడికి ఆ అవస్థ లేకుండా పోతుంది. షింజీ తనలో తాను అనుకునే 'నిగెచా దమె దా' కూడా అంతే. మనకి 'పారిపోకూడదు' అని ఒక్క ముక్కలో ఊపిరి బిగబట్టి అనుకునే మాట. 'ఐ మస్ట్‌న్ట్ రన్ అవే' అంటుంటే పిల్లాడు గ్రామర్ అప్పజెబుతున్నట్టుంటుంది.

అందుకని జపనీస్ గొంతులతో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే అక్కడా ఓ చిక్కుంది. జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో ముందే వచ్చేస్తుంది. నటుడు ఇంకా నసుగుతుండగానే కింద అక్షరాల్లో గుట్టు బయటపడిపోతుంది. నాలుగేళ్లలో నేను చేసుకున్న ఏర్పాటేమిటంటే, మొదటిసారి చూసేవాళ్లు ఇంటికొస్తే పాత డబ్బింగ్ పెడతాను, ఒక్కణ్నే ఉంటే జపనీస్. కొత్త డబ్బింగ్ ఒకసారి పూర్తిగా చూశాను, చాలు.

ఒక లోటు మాత్రం ఏ భాష పెట్టినా తీరదు. మొదట ప్రతి ఎపిసోడ్ చివరా 'ఫ్లై మీ టు ద మూన్' పాట వచ్చేది. హక్కుల చిక్కుల వల్ల నెట్‌ఫ్లిక్స్‌లో తీసేశారు, ఈ డిస్కుల్లోనూ లేదు, బదులుగా పియానో వస్తుంది. మా తమ్ముడు పేర్లు పడటం మొదలవగానే టీవీ మ్యూట్ చేసి ఫోన్‌లో ఆ పాట పెడతాడు. నిడివి ఎప్పుడూ సరిపోదు. పాట అయ్యేదాకా నల్ల తెర చూస్తూ కూర్చుంటాం.