మూడేళ్లుగా వాడుతున్న విమాన దూరాల యాప్: కిలోమీటర్లు నమ్మొచ్చు, టైము నమ్మలేం

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చెప్పే యాప్ ఇది. ఎలా వాడాలో అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఆ రెండో అంకె మీదే.

మాది నెల్లూరు, అక్కావాళ్లది రాజమండ్రి. దగదర్తి ఎయిర్‌పోర్టు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాం, అందాకా మాకు తిరుపతి దగ్గరి రేణిగుంట ఎయిర్‌పోర్టే దిక్కు. రేణిగుంట నుంచి రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడికి కొడితే సుమారు 455 కిలోమీటర్లు, గంటా నాలుగు నిమిషాలు అని వస్తుంది. మ్యాపు మీద వచ్చే గీత నాకు భలే ఇష్టం. రేణిగుంటలో బయల్దేరి మా నెల్లూరు పక్కనుంచే పోయి, మైపాడు దాటాక సముద్రంలోకి దిగి, మచిలీపట్నం దగ్గర మళ్లీ ఒడ్డుకు వస్తుంది. మొదటిసారి ఆ గీత మీద వేలు పెట్టి అమ్మకి మన ఇల్లు ఇక్కడే అని చూపించాను.

పోయినేడు అక్కకి ఆపరేషన్ అన్నారు. తమ్ముడు రాత్రి పది గంటల రైలెక్కాడు. గంట ప్రయాణమే కదా, పొద్దున్నే విమానంలో పోతానని నేను ఆగిపోయాను. తీరా టికెట్ చూస్తే ఆ రోజు నేరుగా వెళ్లేది లేదు, హైదరాబాద్ మీదుగా పోవాలి. అప్పటికి రైలు దాటిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కి, 130 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లి, ఎనిమిదింటికి విమానం ఎక్కాను. శంషాబాద్‌లో ఐదు గంటలు కూర్చున్నాను. అక్కడుండగా తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, యాడున్నావ్? అక్కని లోపలికి తీసుకుపోయినారు." సాయంత్రం ఐదింటికి నేను ఆసుపత్రి చేరేసరికి అక్క మత్తులో ఉంది. ఇంటి నుంచి లెక్కేస్తే పదమూడు గంటలు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. గంటకు 800 కిలోమీటర్లకు కాస్త పైన వేగం అనుకుని, లేవడానికీ దిగడానికీ అరగంట కలిపితే సరిగ్గా యాప్ చెప్పిన గంటా నాలుగు నిమిషాలే వస్తుంది. అది పెద్ద జెట్ లెక్క. చిన్న ఎయిర్‌పోర్టులకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ (రెక్కలకు పంకాలుండే చిన్న విమానం) వేగం 500 దగ్గరే, దాంతో నేరుగా పోయినా గంటా ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ మీదుగా అయితే దూరమే 775 దాటుతుంది. అసలు ఆ రెండు ఊళ్ల మధ్య విమానం ఉందా లేదా అన్నది యాప్‌కి పట్టదు. నేరుగా విమానాలు ఉన్నా లేకపోయినా అదే గంటా నాలుగు నిమిషాలు చూపిస్తుంది. కనీసం ఒక ముక్క రాసి ఉంటే నేను ఆ రాత్రే రైలెక్కేవాణ్ని.

కిలోమీటర్లు బాగా చెబుతుందని మా ఆఫీసులో చాలామందికి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే అది సరళరేఖ దూరం. విమానం తనకిచ్చిన దారుల్లో వంకర తిరిగి పోతుంది, దిగే ముందు చుట్టూ తిప్పినా తిప్పుతారు.

ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్లకి ఈ ఇబ్బంది రాకపోవచ్చు. స్టేషన్ పక్కనే ఇల్లున్న నాకు రాజమండ్రికి రాత్రి రైలే మేలు. అమ్మకి మాత్రం మోకాళ్ల నొప్పులు, స్టేషన్ మెట్లెక్కలేదు. ఈ సంక్రాంతికి ఆమెను తీసుకెళ్లాలి. ముందు ఆ తేదీకి నేరుగా విమానం ఉందేమో చూసి, ఉంటేనే యాప్ తెరుస్తాను.