కారే కుళాయి: వాషర్ మార్చాలా, సీటు చదును చేయాలా, కుళాయే మార్చాలా? ఏది మేలు?

కుళాయి కట్టేసినా చుక్కలు ఆగకపోతే మనం చేసే మొదటి పని ఇంకాస్త గట్టిగా బిగించడం. దాంతో కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకా ఎక్కువగా. అప్పుడు మన ముందున్న దారులు నాలుగు. కొత్త వాషర్ వేయొచ్చు. లోపల వాషర్ ఆనే ఇత్తడి అంచును, అంటే సీటును, రీసీటింగ్ టూల్‌తో చదును చేయొచ్చు. పిడితోపాటు తిరిగే కడ్డీ, అంటే పాత స్పిండిల్ తీసేసి, సిరామిక్ బిళ్లలతో నీటిని ఆపే సిరామిక్ డిస్క్ కార్ట్రిడ్జ్ పెట్టొచ్చు. ఏకంగా కుళాయే మార్చేయొచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుళాయి బరువైన ఇత్తడిదై, వాషర్ మార్చినా కొద్ది రోజులకే మళ్లీ కారుతుంటే, సీటు చదును చేయడమే అన్నిటికన్నా మేలు. చాలా ఇళ్లలో ఈ దారిని చూడకుండానే కొత్త కుళాయి కొనేస్తున్నారు.

ఇదంతా నాలుగైదు చుట్లు తిప్పితే మూసుకునే పాతరకం కుళాయి గురించి. పిడి తిప్పినకొద్దీ స్పిండిల్ కిందికి దిగుతుంది. దాని చివరన ఉన్న రబ్బరు వాషర్ కుళాయి బాడీ లోపలి గుండ్రటి ఇత్తడి అంచు మీద కూర్చుని నీటిని ఆపుతుంది. ఆ అంచునే సీటు అంటారు. ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్ పట్టణంలో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి సామాన్ల సంస్థ 1845లో ఇలాంటి మర (స్క్రూ చుట్లు) ఉన్న కుళాయికి పేటెంట్ తీసుకుంది. పని చేసే తీరు ఇప్పటికీ దాదాపు అదే. అందుకే దీన్ని విప్పి బాగుచేయడం మామూలు మనిషికి కూడా సాధ్యమవుతుంది.

వాషర్ అరిగిపోవడానికే ఉంది. సీటు అలా కాదు, దాన్ని మనమే పాడుచేస్తాం. అరిగిన వాషర్ ఒకచోట సరిగా ఆనకపోతే ఆ సన్నని సందులోంచి నీరు ఒత్తిడితో దూసుకుపోతుంది. చుక్కే కదా అని నెలల తరబడి వదిలేస్తే ఆ నీరే ఇత్తడిలో గాడి కోస్తుంది. ఇసుక రేణువులు, ఉప్పు నీళ్ల వల్ల పేరుకునే సున్నపు పొర కూడా తోడవుతాయి. వాషర్ పూర్తిగా అరిగాక కూడా బలంగా బిగిస్తూ పోతే స్పిండిల్ చివరి లోహం నేరుగా సీటును ఒరుసుకుంటుంది. అలా గరుకెక్కిన సీటు మీద కొత్త వాషర్ వేయడమంటే రంపం పళ్ల మీద రబ్బరు పెట్టి నొక్కినట్టే. కొత్త వాషర్ కొన్నాళ్లకే చినిగిపోతుంది. తప్పు వాషర్‌దని మనం ఇంకోటి కొంటాం.

ఏ దారి పట్టాలో తేల్చుకునే ముందు కారడం ఎక్కడి నుంచో చూడాలి. మూతి నుంచి చుక్కలు పడుతుంటే వాషర్‌నో సీటునో అనుమానించాలి. కుళాయి తిప్పినప్పుడు పిడి కింద నుంచి నీరు ఊరుతుంటే అది స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ నట్ దగ్గరి ప్యాకింగ్ లేదా ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) సమస్య, సీటు జోలికి వెళ్లనక్కర్లేదు. పావు చుట్టుతో తెరుచుకునే కుళాయిలో ఉండేవి సిరామిక్ బిళ్లలు. దాంట్లో చదును చేయడానికి ఏమీ ఉండదు, కార్ట్రిడ్జ్ మార్చుకోవాలి.

ఎంత నీరు పోతోందో తెలియాలంటే గంటసేపు మగ్గు పెట్టి కొలవండి. గంటకు 200 మి.లీ. పడినా రోజుకు 4.8 లీటర్లు, ఏడాదికి 1,750 లీటర్లు దాటుతుంది. వేడినీళ్ల కుళాయి అయితే ఆ నీటిని కాచిన ఖర్చు కూడా దాంతోపాటే పోతుంది.

ఇక వాషర్ ఒక్కటే మార్చడానికి, సీటు కూడా చదును చేయడానికి మధ్య తేడా చూద్దాం. శ్రమలో తేడా జనం అనుకునేంత లేదు. రెండింటికీ నీరు రాకుండా వాల్వ్ కట్టేయాలి, కుళాయి తెరిచి లోపల మిగిలిన నీరు పోనివ్వాలి, పిడి తీయాలి, పెద్ద నట్ విప్పి స్పిండిల్ బయటికి లాగాలి. కష్టమంతా ఇక్కడే. సింక్ కన్నానికి ముందే ఒక గుడ్డ కుక్కి పెట్టుకుంటే చిన్న స్క్రూలు జారిపోవు. ఎలాగూ ఇంతదాకా వచ్చాక టార్చి వేసి సీటు చూడండి, వేలితో చుట్టూ తడమండి. అంతా నునుపుగా ఉంటే కొత్త వాషర్ చాలు, పని అయిపోయినట్టే. ఎక్కడైనా గోరు తగులుకుంటే, సగం మెరుస్తూ సగం నల్లగా గుంటలు కనిపిస్తే, ఉత్త వాషర్ వేసి మూసేయడం పని వాయిదా వేసుకోవడమే. ప్లంబర్‌ని పిలిచినా ఈ ఒక్క మాట అడగండి: సీటు ఎలా ఉంది?

రీసీటింగ్ టూల్ చూడటానికి చాలా సాదా పనిముట్టు. పైన పిడి, మధ్యలో కడ్డీ, కింద పళ్లున్న గుండ్రటి కట్టర్. కడ్డీకి ఒక గైడ్ ఉంటుంది. టూల్ మంచిదా కాదా అన్నది ఈ గైడ్‌ను బట్టే తెలుస్తుంది. స్పిండిల్ బిగిసిన మరలోకే గైడ్ కూడా బిగిసే రకం కొనండి. అప్పుడే కట్టర్ సీటు మీద నిటారుగా నిలుస్తుంది. చేత్తో ఊరికే ఆనించి పట్టుకునే రకంలో కట్టర్ పక్కకు ఒరుగుతుంది. ఒక వైపు ఎక్కువ కోసిన సీటు మొదటి గాడి కన్నా ఎక్కువ కారుతుంది. ఇళ్లలో అరంగుళం, ముప్పావు అంగుళం కుళాయిలు ఎక్కువ కాబట్టి ఆ రెండు సైజులకూ పనికొచ్చే సెట్ తీసుకోవాలి. కట్టర్ సీటు మొత్తాన్నీ కప్పాలి, పక్క గోడను మాత్రం తాకకూడదు.

వాడేటప్పుడు బలం చూపించాల్సిన పనే లేదు. తేలికగా నొక్కుతూ గడియారం ముల్లు తిరిగే వైపే రెండు మూడు చుట్లు తిప్పి, టూల్ తీసి చూడాలి. చుట్టూ తెగకుండా ఒకే మెరుపు రింగు కనిపిస్తే చాలు. కనిపించకపోతే ఇంకో చుట్టు. తిప్పుతుంటే కట్టర్ ఎగిరెగిరి పడుతోందంటే మరీ గట్టిగా నొక్కుతున్నారని అర్థం. గుంట పూర్తిగా పోవాలని కోస్తూనే పోవద్దు. సీటు మరీ కిందికి పోతే స్పిండిల్ దాన్ని అందుకోలేదు.

ఆ తర్వాతి పని మాత్రం ఎవరూ వదిలేయకూడదు. ఇత్తడి పొట్టు లోపలే ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, వాల్వ్ కొద్దిగా తెరిచి కాసేపు నీరు పోనివ్వాలి. మూతికి జాలీ ఉంటే ముందే విప్పేయాలి, లేదంటే పొట్టంతా అందులో ఇరుక్కుంటుంది. ఒక్క రేణువు కొత్త వాషర్ కింద పడినా శ్రమంతా వృథా. వాషర్ పాతదాని సైజులోనే ఉండాలి. వేడినీళ్ల కుళాయికి వేడి తట్టుకునేదని రాసి ఉన్న వాషరే వేయాలి.

అన్ని కుళాయిలకూ ఈ వైద్యం పనికిరాదు. పైన నికెల్ మెరుపు ఉన్నా లోపల ప్లాస్టిక్ అయితే కట్టర్ పెట్టకండి. లోహం పొరలు పొరలుగా రాలుతున్నా, బాడీలో పగులున్నా ఆ కుళాయి రోజులు అయిపోయినట్టే. కొన్ని కుళాయిల్లో సీటు విడిగా మరతో బిగించి ఉంటుంది. దాని మధ్య కన్నం గుండ్రంగా కాక ఆరు పలకలుగానో నలుచదరంగానో కనిపిస్తే అదే గుర్తు. అలాంటిది కోయడం దండగ, దానికి సరిపోయే పానాతో విప్పి కొత్త సీటు వేయడమే సులువు.

సిరామిక్ కార్ట్రిడ్జ్ వైపు మొగ్గేవాళ్లు చెప్పే కారణాలు నిజమే. పావు చుట్టులో మూసుకుంటుంది, గట్టిగా బిగించే అలవాటు నుంచి కుళాయిని కాపాడుతుంది. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది చాలా సుఖం. వాళ్ల కోసమైతే నేను కూడా దీన్నే ఎంచుకుంటాను. కానీ ఒక విషయం తెలిసి ఎంచుకోవాలి. పాత కుళాయిలో పెట్టే ఈ కార్ట్రిడ్జ్ అడుగున కూడా ఒక రబ్బరు రింగు ఉంటుంది, అది ఆనేది కూడా ఆ పాత సీటు మీదే. సీటు గాడి పడి ఉంటే కార్ట్రిడ్జ్ ఎంత మంచిదైనా కింద నుంచి నీరు జారుతుంది. అంటే ఈ దారిలో కూడా చాలాసార్లు ముందు సీటు చదును చేయాల్సిందే. పైగా మర సైజు, పిడి కూర్చునే పళ్ల సంఖ్య రెండూ సరిపోవాలి. పాతది చేతిలో పట్టుకుని కొనుక్కోవడమే దారి.

కుళాయి మొత్తం మార్చడం చూడ్డానికి తేలిక, చేసేటప్పుడు అన్నిటికన్నా ప్రమాదం. గోడలోకి ఏళ్ల క్రితం బిగించిన కుళాయిని తిప్పితే ఒక్కోసారి లోపలి పైపు మర విరిగిపోతుంది. అప్పుడు చుక్క కోసం మొదలుపెట్టిన పని టైల్స్ పగలగొట్టే దాకా పోతుంది. వాష్‌బేసిన్ కుళాయి అయితే కింద చెయ్యి పట్టని చోట తుప్పు పట్టిన నట్ విప్పాలి. సీటు పనిలో ఈ టెన్షన్ లేదు, కుళాయి ఉన్నచోటే ఉంటుంది. రీసీటింగ్ టూల్‌తో పని చాలా ఏళ్లకు ఒకసారే పడుతుంది కాబట్టి ఇంటికొకటి అవసరం లేదు, ఇరుగుపొరుగు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

చదును చేసి కొత్త వాషర్ వేశాక నీరు ఆగేంత వరకే బిగించి, మూతి తుడిచి, రాత్రంతా కింద పొడి మగ్గు ఉంచండి. తెల్లారి మగ్గులో నీళ్లుంటే స్పిండిల్‌ను చేత్తో కదిపి చూడండి. పక్కలకు ఊగుతుంటే దాని మర అరిగిపోయింది, వాషర్ సీటు మీద తిన్నగా కూర్చోవడం లేదు. సీటు ఎలాగూ చదునైంది కాబట్టి సిరామిక్ కార్ట్రిడ్జ్ పెట్టడానికి అదే సరైన సమయం.