ఇండియా విక్స్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

2018 నుంచి నా వాచ్‌లిస్ట్‌లో మొదటి లైను ఇండియా విక్స్‌దే, 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ దాని కింద. నిఫ్టీ ఆప్షన్లకి (ఫలానా రేటుకి కొనే లేదా అమ్మే హక్కు ఇచ్చే ఒప్పందాలకి) జనం ఎంత ప్రీమియం, అంటే ధర, కడుతున్నారో చూసి, రాబోయే 30 రోజుల్లో మార్కెట్ ఎంత ఊగొచ్చో స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈ కట్టే లెక్క ఇది. తుఫాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తుల రేటు పెరిగినట్టు, భయం పుడితే, మార్కెట్ పడినప్పుడు కాపాడే పుట్ ఆప్షన్ల రేటు లేస్తుంది, వెంటే విక్స్ లేస్తుంది. అంకె ఏడాది లెక్కలో ఉంటుంది కాబట్టి నెల లెక్క కోసం నేను 3.5తో (12 నెలల వర్గమూలం దాదాపు అంతే) భాగిస్తాను. 14 ఉంటే, నెలలో 4 శాతం అటో ఇటో.

దీని విలువ నాకు తెలిసింది 2020 మార్చి 23న. పొద్దున్నే నిఫ్టీ 10 శాతం పడి, ట్రేడింగ్ ఆపేసే హద్దు లోయర్ సర్క్యూట్ తగిలింది. ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. స్క్రీన్ కదలదు, ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. "ఉన్నదంతా అమ్మెయ్, ఇంకా పడుద్ది" అన్నాడు మా బావ. మళ్లీ తెరిచాక, నిఫ్టీని అనుసరించే ఫండ్ నిఫ్టీ బీస్‌లో కొనేవాళ్ల వరుస చూశాను. రేటుకీ రేటుకీ మధ్య ఖాళీలు, ఒక్కో రేటు దగ్గర కాసిన్ని యూనిట్లే. సంక్షోభంలో మార్కెట్ అంతలా ఎందుకు ఊగుతుందో నాకు అక్కడే కనిపించింది. అమ్మేవాళ్లు పెరుగుతారు సరే, కొనేవాళ్లు చేతులు ముడుచుకోవడం అంతకన్నా పెద్ద దెబ్బ. ఇంతకి పడితే అమ్మెయ్ అని ముందే పెట్టిన స్టాప్‌లాస్‌లు తగులుతాయి, మార్జిన్ (బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన పూచీ డబ్బు) కట్టలేనివాళ్ల షేర్లు బ్రోకర్లే అమ్మేస్తారు, అది చూసి ఇంకొకరు బెదురుతారు. నేనూ సగం అమ్మేశాను. నిఫ్టీ ఆ రోజు 7,610 దగ్గర ముగిసింది. మర్నాడే విక్స్ 80 దాటింది, నిఫ్టీ అట్టడుగు తాకిందీ ఆ రోజే. నేను తిరిగి కొనేసరికి జూన్ వచ్చింది, నిఫ్టీ 10,000 పైన ఉంది.

లోపాలున్నాయి. ముందే హెచ్చరిస్తుందని నమ్మకండి: వుహాన్‌లో లాక్‌డౌన్ పెట్టిన జనవరి చివర్లో కూడా ఇది 20 లోపే. దిక్కూ చెప్పదు. 2024 మేలో నిఫ్టీ రికార్డులు కొడుతుంటే, ఎన్నికల ఫలితాల బెంగతో విక్స్ నెలలో రెట్టింపైంది. జూన్ 4న ఇంట్లో అందరం టీవీలో ఆంధ్రా ఫలితాలు చూస్తుండగా నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, విక్స్ 30 దాకా వెళ్లింది. మర్నాటికి 20 కిందికి వచ్చేసింది. భయం అంత తొందరగా దిగుతుందని అప్పటిదాకా నేను అనుకోలేదు.

అందుకే కొనడానికో అమ్మడానికో దీన్ని సిగ్నల్‌గా వాడటం మానేశాను. విక్స్ 20 దాటిన రోజు మార్కెట్ టైమ్‌లో ఏదీ అమ్మను. అమ్మాలనిపిస్తే కారణం నోట్‌బుక్‌లో రాసి, మర్నాడు చదువుతాను. 2025 ఏప్రిల్ 7న, ట్రంప్ సుంకాల దెబ్బకి ఇది ఒక్కరోజే 60 శాతానికి పైగా లేచి 22 దాటింది. ఆ సాయంత్రం రెండు పేజీలు రాశాను. పొద్దున్న చదివితే అందులో నా కంపెనీల గురించి ఒక్క ముక్క లేదు. ఏదీ అమ్మలేదు, నెలనెలా ఫండ్‌లో పెట్టే సిప్ డబ్బు ఆ నెలా ఎప్పటిలాగే ఖాతాలోంచి కట్ అయింది.