కొడుక్కి ముందు చెప్పాలా, తల్లికి ముందు చెప్పాలా?

తిరుపతిలో సర్జన్‌గా చేస్తున్నా, వారానికి ఒకసారైనా ఇదే పంచాయితీ. గడ్డలో ముక్క తీసి క్యాన్సరా కాదా అని చూసే బయాప్సీ రిపోర్ట్ నా చేతికొచ్చేలోపే కొడుకు రూమ్ బయట కాచుకోని ఉంటాడు, "సార్, అమ్మకి మాత్రం చెప్పొద్దండి, మామూలు గడ్డ అనండి చాలు" అని.

కొడుకు మాట వినడం సులువు. ప్రేమతోనే అడుగుతాడు, కాదనను. డబ్బు సర్దేది, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకోని కౌంటర్ల చుట్టూ తిరిగేది, వేలూరికి పోవాల్నా ఇక్కడే చేయించాల్నా అని తేల్చేది కూడా వాడే గదా. నేనూ అట్లే తలూపినా ఒకసారి. పలమనేరు పక్క ఊరామె, టమాటా తోట, రొమ్ములో గడ్డ. "కరిగిపోతాదిలే అమ్మా" అన్నా. మొదటి కీమో రోజే పక్క బెడ్ ఆమె "నీ క్యాన్సర్‌కి ఇది ఎన్నో కీమో అక్కా?" అని అడిగేసిందంట. మళ్లీ నా దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పి, మడతలు పడిన మందుల చీటీ టేబుల్ మీద పెట్టింది. "నా వయసుకి నేను చావు చూడనిదాన్నా సామీ? ముందే చెప్పుంటే తోట కౌలుకిచ్చేసేదాన్ని గదా, అప్పు తెచ్చి మళ్లీ నారు నాటిస్తి" అనింది. ఆ అప్పులో నా అబద్ధం వాటా ఎంతో ఇప్పటికీ లెక్క తేల్లేదు.

పోనీ నేరుగా పేషెంట్‌కే చెప్పేస్తే? చట్టం ఇటే ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, ఆమె మత్తులో ఉంటే తల్లిని అడిగి గర్భసంచి తీసేసినారు, తెలివున్న పెద్ద మనిషికి బదులు తల్లి ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2002 మెడికల్ కౌన్సిల్ రూల్స్ మాత్రం జబ్బుని పెంచొద్దు తగ్గించొద్దు అంటూనే పేషెంట్‌కో, బంధువులకో, బాధ్యత గల స్నేహితులకో వాళ్ల మేలుకి సరిపడా తెలియాలంటాయి, ఎవరికి ముందో మన నెత్తినేసి. అదీగాక, బయట నలభై మంది లైన్లో ఉంటే మూడు నిమిషాల్లో క్యాన్సర్ అని మొహాన కొట్టడం నిజాయితీ కాదు, విసురు. "నాకెందుకులే, మా పెద్దోడికి చెప్పు" అనే వాళ్లూ నిజంగానే ఉన్నారు.

నాకు నచ్చింది మూడోది. ముక్క తీసి టెస్ట్‌కి పంపే రోజే, ఫలితం ఎవరికీ తెలియనప్పుడే, "రిపోర్ట్ వచ్చినాక అంతా మీకే చెప్పమంటారా, మీవాళ్లకి చెప్తే చాలా?" అని పేషెంట్‌నే అడిగి కేస్ షీట్‌లో రాసిపెట్టుకోవడం. చేదు కబురు చెప్పేదానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఉందిలే, అందులో మూడో మెట్టు ఇదే. కొడుక్కి చెప్పమంటే కొడుక్కే, అదీ ఆమె నిర్ణయమే. మతి సరిగా లేని ముసలోళ్ల దగ్గర, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఇది పనికిరాదు, ఒప్పుకుంటా.

ఇంకో చిక్కు, కొడుకు పక్కనుంటే అమ్మలు జవాబు కోసం వాడి మొహం చూస్తారు. అందుకే వాడిని బిల్లు కౌంటర్‌కి పంపి అప్పుడు అడుగుతా. ఇది మోసం కాదా అంటే, కొంచెం మోసమే.