కార్డు బాకీ: గోల్డ్ లోనా, సెటిల్‌మెంటా?

దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు మూతపడ్డాక మిగిలింది క్రెడిట్ కార్డు బాకీ, మూడున్నర లక్షలు. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి 42. బిల్లులో కనీసం కట్టాల్సిన మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే అసలు కదలదు.

సెటిల్‌మెంట్ అంటే బ్యాంకుతో మాట్లాడి తక్కువ మొత్తానికి బాకీ ముగించుకోవడం, కొంత మాఫీ అవుతుంది. కానీ మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో 'సెటిల్డ్' మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు సరుకుకి లోన్ పుట్టదు. ఈలోగా రికవరీ ఫోన్ల టెన్షన్. సాయంత్రం 7 దాటితే చేయకూడదని ఆర్‌బీఐ రూలు. నాకు తొమ్మిదింటికీ మోగేది.

బ్యాంకు గోల్డ్ లోన్ వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు లోపే. మా ఆవిడ గాజులు తీసి తక్కెడలో పెడితే మణికట్టు మీద తెల్లటి గీత కనిపించింది. అయినా నా ఓటు దీనికే. నెలనెలా కట్టే ఆదాయం లేకపోతే మాత్రం నగలు వేలానికి పోతాయి. అలాంటప్పుడు సెటిల్‌మెంటే నయం, బ్యాంకు ఇచ్చే సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి.