అమ్మ మందుల సంచి బరువు తగ్గింది: పెద్దవాళ్ల ఓపీ మీద మా సమీక్ష

షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, పైగా రెండుసార్లు బాత్‌రూంలో పడటం. అమ్మకు 81 ఏళ్లు. నలుగురు డాక్టర్లు చూసేవారు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో వారానికోసారి జీరియాట్రిక్ (వృద్ధుల) ఓపీ ఉందని విని వెళ్లాం. రెండేళ్లు దాటింది, ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాం.

మొదటిసారే చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నారు. డాక్టరమ్మ సంచి బల్ల మీద కుమ్మరించి ఒక్కో అట్ట తిప్పి చూశారు. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో రోజూ రెండు పడుతోంది! ఎప్పుడో నెలరోజులకని రాసిన నిద్రమాత్ర ఏళ్ల తరబడి నడుస్తోంది. నొప్పి మాత్రలు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవి. కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.2 ఉంటే ల్యాబు వాళ్లు ఎర్రగీత కూడా పెట్టలేదు. డాక్టరమ్మ మాత్రం అమ్మ వయసుతో కలిపి లెక్కేసి, కిడ్నీల పనితీరు (ఈజీఎఫ్ఆర్) 45 దగ్గరే ఉందని, అంటే తగ్గిందని చెప్పి, కిడ్నీలకు చేటని నొప్పి మాత్రలు ఆ రోజే ఆపించారు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు. కిడ్నీ మాట వింటే ఎంత టెన్షనో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

తర్వాత బీపీ. పడుకోబెట్టి చూస్తే 150, నిలబెట్టి చూస్తే 122. నిలబడిన మూడు నిమిషాల్లోపు పైఅంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే కళ్లు తిరగొచ్చట. అమ్మ పడిపోవడానికి ఇదీ, నిద్రమాత్రా కారణం కావచ్చన్నారు. అంతకుముందు ఎవరూ నిలబెట్టి బీపీ చూడలేదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నారు. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టేనట, అమ్మకు ఇంకా ఎక్కువే పట్టింది. మతిమరుపు ఉందేమో చూడటానికి మూడు మాటలు గుర్తుపెట్టుకోమని, గడియారం బొమ్మ గీయమంటే అమ్మ, "ఏటి డాక్టరమ్మా, ఈ వయసులో నన్ను బళ్లో చేరుస్తున్నావేటి?" అంది. గదంతా నవ్వులు.

షుగరు మాత్ర కూడా తగ్గించారు. ఈ వయసులో మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 8 దాకా ఉన్నా ఫర్వాలేదు, రాత్రిపూట షుగరు పడిపోవడమే ఎక్కువ ప్రమాదమని చెప్పారు. చోడంబలి (రాగి అంబలి) మానొద్దన్నందుకు అమ్మకు డాక్టరమ్మ మీద గురి కుదిరింది. నిద్రమాత్ర మాత్రం ఒక్కసారి ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గించారు. ఆ వారాలు ఇంట్లో ఎవరికీ నిద్రలేదు, అమ్మ అందరినీ తిట్టింది. ఇప్పుడు సంచిలో మందులు సగానికి సగం. మళ్లీ పడలేదు. మోకాళ్ల నొప్పి మాత్రం అలాగే ఉంది, మతిమరుపూ కొంచెం పెరిగింది. అద్భుతాలేం జరగవు.

చిరాకులు లేకపోలేదు. చెవులు సరిగా వినపడనివాళ్ల ఓపీలో పేర్లు మైకులో పిలుస్తారు! రక్తపరీక్ష పైఅంతస్తులో, లిఫ్టు తరచూ ఆగిపోతుంది. కుర్చీలకు చేతులుండవు, ముసలివాళ్లు లేవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఈ ఓపీకి కుర్చీలు కొన్నవాళ్లెవరో ఒక పూట వాటిలో కూర్చుంటే బాగుండు. వారంలో ఆ ఒక్కరోజు తప్పితే జ్వరం వచ్చినా మామూలు ఓపీకే పోవాలి.

ఖర్చంతా చేతినుంచే. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఓపీకి కాదు. డబ్బు ఇబ్బంది ఉంటే ముందు ప్రభుత్వాసుపత్రిలో అడగండి. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో వీళ్లకు విడిగా ఓపీ ఉండాలి.

ఒకే జబ్బు, ఒకే మాత్ర ఉన్న పెద్దవాళ్లకు ఇంత తిరుగుడు అక్కర్లేదు. అయిదారు రకాల మందులు మింగుతూ, పడుతూ లేస్తూ ఉన్నవాళ్లను మాత్రం తీసుకెళ్లండి. మొదటిసారికి పూటంతా పడుతుంది, టిఫిను కట్టుకెళ్లండి. ఆకుమందు, పసరు, ఆర్ఎంపీ పొట్లం, ఏదీ ఇంట్లో దాచొద్దు, అన్నీ ఆ సంచిలో వేయండి.